బేస్ గిటార్ రికార్డింగ్ – 6వ పాఠం: ఏ కంప్రెసర్ పెట్టాలి?

ఈ పాఠం కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని నొక్కి, హెచ్చుతగ్గులు తగ్గించే సాధనం) రకాలతో మొదలవ్వాలి. కానీ 5వ పాఠం చేసి మీరు పంపిన ట్రాకులు విన్నాక, ముందు ఒక సంగతి తేల్చకుండా కదలలేమని అర్థమైంది. సగానికి పైగా ట్రాకుల్లో ఒకటే రోగం. సన్న తీగల మీద ఉన్నంతసేపూ బాగుంటుంది, లావు తీగకి దిగగానే గరగర. ఒకరు కేబుల్ మార్చి చూశారట. ఒకరు పికప్ ఎత్తు తగ్గించారు. ఇంకొకరు పాపం తీగలన్నీ కొత్తవి వేసుకున్నారు.

తీగల తప్పేమీ లేదు, నాదే తప్పు. "రిలీజ్ వేగంగా పెట్టండి" అన్నాను గానీ ఎంత వేగమో చెప్పలేదు. రిలీజ్ అంటే శబ్దం తగ్గాక కంప్రెసర్ పట్టు వదలడానికి తీసుకునే టైమ్. నా లెక్కలో వేగం అంటే 80, 100 మిల్లీసెకన్లు. మీలో చాలామంది 5 పెట్టారు. అటాక్ (శబ్దం పెరిగాక నొక్కడానికి తీసుకునే టైమ్) కూడా 1 దగ్గర పెట్టారు.

ఆ గరగర ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. లావు తీగని ఓపెన్‌గా మోగిస్తే, అంటే ఓపెన్ 'ఈ', అది సెకనుకి 41 సార్లు ఊగుతుంది. ఒక్కో ఊపుకి దాదాపు 24 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక ఊపులో అల పైకి ఒకసారి, కిందికి ఒకసారి ఉబ్బుతుంది. రిలీజ్ 5 మిల్లీసెకన్లయితే కంప్రెసర్ ఆ ఉబ్బు దగ్గర నొక్కి, మధ్యలో వదిలేసి, తర్వాతి ఉబ్బు దగ్గర మళ్ళీ నొక్కుతుంది. ఇలా సెకనుకి 82 సార్లు. మనం నోటుకీ నోటుకీ మధ్య హెచ్చుతగ్గులు సరిచేయమని పెడితే, అది అల ఆకారాన్నే చెక్కడం మొదలుపెట్టింది. ఆ చెక్కుడులోంచి అసలు నోటుకి మూడు రెట్ల దగ్గర, అంటే 124 హెర్ట్జ్ చుట్టుపక్కల, మీరు వాయించని శబ్దం పుడుతుంది. మీకు వినబడిన గరగర అదే. సన్న తీగ మీద పై ఫ్రెట్లలో ఒక్కో ఊపు 5 మిల్లీసెకన్లకే అయిపోతుంది. కంప్రెసర్‌కి మధ్యలో పూర్తిగా వదిలే టైమ్ దొరకదు కాబట్టి అక్కడ తేడా పెద్దగా తెలియలేదు.

కాబట్టి రిలీజ్‌ని పాటలో రిఫ్ వింటూ సెట్ చేయకండి. పాటలో ఉన్న అన్నిటికంటే కింది నోటుని సాగదీసి మోగించి, దాన్నే లూప్‌లో పెట్టుకోండి. రిలీజ్ 10 నుంచి మొదలుపెట్టి గరగర పోయేదాకా పెంచండి. పోయిన చోట ఆగకుండా ఇంకాస్త పైకి జరపండి. నాకు ఎక్కువగా 80కీ 150కీ మధ్య ఎక్కడో కుదురుతుంది. ఐదు తీగల బేస్ అయితే కింది 'బీ' 31 హెర్ట్జే కాబట్టి ఇంకా పైకి వెళ్ళాల్సి రావచ్చు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి, దానితో వచ్చే కంప్రెసర్ రియాకాంప్‌లో ఆర్ఎంఎస్ సైజ్ అని ఒక స్లైడర్ ఉంటుంది. అది పెంచితే కంప్రెసర్ ఒక్కో ఉబ్బుని కాకుండా సగటుని చూస్తుంది, గరగర ఇంకా తగ్గుతుంది. పిక్‌తో వాయించే రాక్ పాటకి కొంచెం గరగర అందంగానే ఉంటుంది. కానీ అది మీరు కావాలని పెట్టినదై ఉండాలి.

ఇక అసలు పాఠం. థ్రెషోల్డ్ (ఏ స్థాయి దాటితే నొక్కాలో), రేషియో (దాటినదాన్ని ఎంతగా నొక్కాలో) మళ్ళీ వివరంగా చెప్పను, అవి 2వ పాఠంలో ఉన్నాయి. ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్ కంప్రెసర్లు) వందల్లో ఉన్నా చాలావాటికి తాతలు ముగ్గురే. ఇప్పుడు చెప్పుకున్న టైమ్ లెక్క తెలిస్తే ఆ ముగ్గురి స్వభావం దానంతట అదే అర్థమవుతుంది.

మొదటిది ఆప్టో రకం. 1960లలో వచ్చిన ఎల్ఏ-2ఏ అనే కంప్రెసర్ దీనికి మూలం. లోపల ఒక చిన్న దీపపు పలక, వెలుతురుకి స్పందించే ఒక రెసిస్టర్ ఉంటాయి. శబ్దం పెరిగితే దీపం వెలుగుతుంది, వాల్యూమ్ తగ్గుతుంది. అటాక్ 10 మిల్లీసెకన్ల చుట్టూ. వదలడం మాత్రం రెండు అంచెల్లో: సగం 60 మిల్లీసెకన్లలో వదిలేస్తుంది, మిగతా సగం తాపీగా, ఒక్కోసారి సెకన్లు పడుతుంది. ఎక్కువసేపు గట్టిగా నొక్కి ఉంటే ఇంకా తాపీ. తిప్పడానికి ముఖ్యంగా రెండే నాబ్‌లు. వేళ్ళతో వాయించే బేస్‌కి ఇది అతికినట్టు సరిపోతుంది.

రెండోది ఫెట్ రకం, అంటే ఒక రకం ట్రాన్సిస్టర్‌తో వాల్యూమ్ తగ్గించేది. దీనికి మూలం 1967లో బిల్ పుట్నం తెచ్చిన 1176 అనే కంప్రెసర్. మహా చురుకు. అటాక్ ఎంత నెమ్మదిగా పెట్టినా 0.8 మిల్లీసెకన్లే. రిలీజ్ 50 మిల్లీసెకన్ల నుంచి 1.1 సెకన్ల దాకా. దీన్ని అనుకరించే ప్లగిన్లలో నాబ్‌లు తిరకాసుగా ఉంటాయి: 7 అంటే వేగం, 1 అంటే నెమ్మది. "కుడికి తిప్పితే నెమ్మదిస్తుంది కదా" అనుకుని రెండు నాబ్‌లూ 7కి తిప్పి, మళ్ళీ లావు తీగ మీద గరగర తెచ్చుకున్నవాళ్ళు ఈసారి ఇద్దరున్నారు.

మూడోది వీసీఏ రకం, అంటే వోల్టేజ్‌తో వాల్యూమ్‌ని అదుపు చేసేది. డీబీఎక్స్ 160 అనే కంప్రెసర్ దారిలో వచ్చినవి. ఒరిజినల్‌లో అటాక్, రిలీజ్ నాబ్‌లే లేవు. సగటుని కొలుచుకుంటూ తన వేగాన్ని తనే చూసుకుంటుంది. నోటు మొదట్లో ఒక 'దబ్' ఉంచి, వెనక భాగాన్ని బిగించేస్తుంది.

ఇవి కాక ఎవరినీ అనుకరించని మామూలు డిజిటల్ కంప్రెసర్ ఒకటి మీ సాఫ్ట్‌వేర్‌తోనే వచ్చి ఉంటుంది. ఒక్కటే ఉంచుకోమంటే నేను అదే ఉంచుకుంటాను. అయినా నిజం చెప్పాలంటే, తొందరలో ఉన్నప్పుడు ఆప్టో తగిలించి, మీటర్ 3, 4 డీబీ (డెసిబెల్స్) తగ్గేలా చూసి, తర్వాతి పనికి వెళ్ళిపోతాను.

ప్లగిన్ పేరుతో మొదలుపెట్టకండి. ట్రాక్ వింటూ "ఏది ఇబ్బంది పెడుతోంది?" అని అడగండి. చూపుడువేలు గట్టిగా, మధ్యవేలు మెత్తగా పడుతున్నాయా? ఆప్టో. స్లాప్‌లో పాప్ నోట్లు (తీగని లాగి వదిలేవి) చెంపదెబ్బలా ఎగిరి పడుతున్నాయా? ఫెట్, రేషియో 4, అటాక్ నాబ్ 2 దగ్గర, రిలీజ్ నాబ్ మధ్యలో. కిక్ డ్రమ్ పక్కన బేస్ మెత్తబడిపోయిందా? వీసీఏ. లావు తీగ 3వ ఫ్రెట్ ఒక్కటే గదిని ఊపేస్తూ, మిగతావన్నీ బాగున్నాయా? ఏ కంప్రెసరూ వద్దు. ఆ ఒక్క నోటు కోసం పెడితే, దాని వెనక వచ్చే నాలుగు మంచి నోట్లనీ నొక్కేస్తుంది. ఆ నోట్లని వేవ్‌ఫామ్‌లోనే కోసి 3 డీబీ తగ్గించండి. ఐదు నిమిషాల పని.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే విషయం. ఆటో మేకప్.

చాలా ప్లగిన్లలో ఇది ముందే ఆన్ అయి ఉంటుంది. కంప్రెసర్ తగ్గించిన వాల్యూమ్‌ని తనే మళ్ళీ పెంచుతుంది. చాలాసార్లు మీ ట్రాక్‌ని విని కాదు, థ్రెషోల్డ్, రేషియో చూసి ఒక అంచనా వేసి పెంచుతుంది. కాబట్టి తరచూ ఎక్కువే పెంచుతుంది. మీరు బైపాస్ (ప్లగిన్ లేకుండా అసలు శబ్దం వినిపించే బటన్) నొక్కి తీసి, "ఆహా, ఎంత నిండుగా ఉంది" అనుకుంటారు. నిండుగా కాదు, గట్టిగా ఉంది. రెండింటిలో గట్టిగా ఉన్నదే చెవికి బాగుంటుంది. బేస్ విషయంలో ఇది మరీ మోసం. శబ్దం పెరిగేకొద్దీ మన చెవి కింది స్వరాలని ఇంకా బాగా అందుకుంటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించిన సంగతి ఇది. 2 డీబీ పెంచితే బేస్‌కి కొత్త ఒళ్ళు వచ్చినట్టుంటుంది. ఆ ఒళ్ళు ప్లగిన్‌ది కాదు, మీ చెవిది.

నేనూ ఇందులో పడ్డాను. డబ్బు పెట్టి కొన్న ఒక ప్లగిన్‌ని ఏడాది పాటు ప్రతి బేస్ ట్రాక్ మీదా పెట్టి, "దీని రంగే వేరు" అని అందరికీ చెప్పాను. ఒకరోజు థ్రెషోల్డ్ పూర్తిగా పైకి తోసేసి, అసలు ఏమీ నొక్కకుండా చూస్తే, అవుట్‌పుట్ 2 డీబీ ఎక్కువగా వస్తోంది. ఆ రంగు ఆ 2 డీబీదే.

కాబట్టి ఆటో మేకప్ ఆపేయండి, అవుట్‌పుట్ చేత్తో సరిచేయండి. పీక్ మీటర్ చూసి సరిచేయకండి, అది ఇంకో గుంత. ముందు పీక్ -6 ఉండి, కంప్రెస్ అయ్యాక -11 అయిందనుకోండి. మళ్ళీ -6కి తెస్తే పీకులు సమానమయ్యాయి గానీ సగటు పైకి పోయింది, పాత మోసమే తిరిగొచ్చింది. ఎల్‌యూఎఫ్ఎస్ మీటర్ (చెవికి ఎంత గట్టిగా వినబడుతుందో సగటున కొలిచేది) వాడండి. అది కూడా కింది స్వరాలని కాస్త తక్కువ లెక్కేస్తుంది కాబట్టి చివరి మాట చెవిదే. కళ్ళు మూసుకుని, లెక్క తప్పేదాకా బైపాస్ బటన్ టకటకా నొక్కి, ఆగి వినండి. ఏది ఆన్‌లో ఉందో వాల్యూమ్‌ని బట్టి తెలిసిపోతుంటే ఇంకా సమానం కాలేదన్నమాట.

అభ్యాసం: ఈసారి కొంచెం కష్టమే. ఒకే బేస్ లైన్, ఎనిమిది బార్లు, డ్రమ్స్‌తో కలిపి. ఆప్టో, ఫెట్, వీసీఏ, ఏమీ లేనిది: నాలుగు ఫైళ్ళు. గట్టి నోట్ల మీద 5 డీబీ తగ్గింపు, బేస్ లెవెల్ నాలుగింటిలో అర డీబీ తేడా లోపల. ఫైళ్ళ పేర్లు ఇంకెవరిచేతైనా మార్పించండి. చిన్న వాల్యూమ్‌లో మూడు వేర్వేరు రోజులు విని, ఏ రోజుకారోజు నచ్చింది రాసి పెట్టుకోండి, ముందురోజు రాసింది చూడకుండా. రెండు రోజులు ఏమీ లేనిదే గెలిస్తే ఆ పాటకి కంప్రెసర్ వద్దు. అదే పంపండి, మార్కులేమీ తగ్గించను.

ప్రతి ఫైల్ మొదట్లో, అదే సెట్టింగ్‌తో, ఓపెన్ 'ఈ' నాలుగు సెకన్లు మోగించి పెట్టండి. అందులో గరగర వినబడితే మిగతాది నేను వినను.