18 నిండిన బిడ్డకు లీగల్ గార్డియన్: నేషనల్ ట్రస్ట్ చట్టం కింద దరఖాస్తు విధానం

మేధో వైకల్యం ఉన్న బిడ్డ కోసం తల్లిదండ్రులు చేయగలిగిందంతా చేస్తారు. బిడ్డ పేరున డిపాజిట్లు వేస్తారు, ఉన్నదాంట్లో వాటా రాస్తారు. అయితే ఆ డబ్బు తీయడానికి సంతకం పెట్టేదెవరన్న సంగతి చాలా ఇళ్లలో బిడ్డకు 18 ఏళ్లు నిండాక, బ్యాంకు కౌంటర్ దగ్గరే గుర్తొస్తుంది. మైనర్‌గా ఉన్నంత కాలం తల్లిదండ్రులే సహజ సంరక్షకులు. మేజర్ అయ్యాక కన్నతల్లి అయినా సరే, బిడ్డ తరఫున సంతకం చేయాలంటే చట్టబద్ధమైన నియామకం ఉండాలి. అందుకే నా దృష్టిలో ఈ కుటుంబాల ఆర్థిక ప్రణాళికలో మొదటి కాగితం బీమా పాలసీ కాదు, గార్డియన్ ధ్రువపత్రం.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఈ నియామకాన్ని కోర్టు మెట్లెక్కకుండానే జిల్లా స్థాయిలో పొందే వీలు కల్పించింది. ఇది నాలుగు రకాల వైకల్యాలకే వర్తిస్తుంది: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు. మానసిక అనారోగ్యం మాత్రమే ఉన్నవారు ఈ దారిలో రాలేరు. చూపు, వినికిడి, కదలికలకు సంబంధించిన ఒక్క వైకల్యమే ఉన్నవారు తమ వ్యవహారాలు తామే చూసుకోగలరు. వారికి గార్డియన్‌ను పెట్టాలనుకోవడమే పొరపాటు.

నిర్ణయం తీసుకునేది లోకల్ లెవల్ కమిటీ. ఇందులో జిల్లా కలెక్టర్, నేషనల్ ట్రస్ట్‌లో (ఈ చట్టం కింద ఏర్పాటైన కేంద్ర ప్రభుత్వ సంస్థ) నమోదైన ఒక సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు సభ్యులు. కమిటీ కనీసం మూడు నెలలకోసారి సమావేశం కావాలని చట్టం చెబుతోంది. అంటే కాగితం ఒక్కటి తక్కువై ఒక సమావేశం తప్పితే, తర్వాతి దానికోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు. కాబట్టి కలెక్టరేట్‌లోని దివ్యాంగుల సంక్షేమ విభాగానికి వెళ్లి, తర్వాతి సమావేశం ఎప్పుడో ముందే అడిగి తెలుసుకోండి.

దరఖాస్తును ఫారం ‘ఎ’లో ఇవ్వాలి. బిడ్డ సదరం (వైకల్య) ధ్రువపత్రం లేదా యూడీఐడీ కార్డు (దివ్యాంగుల జాతీయ గుర్తింపు కార్డు), వయసు, చిరునామా రుజువులు, ఫొటోలు, గార్డియన్‌గా ఉండబోయే వ్యక్తి గుర్తింపు పత్రాలు, బిడ్డతో బంధుత్వాన్ని చూపే ఆధారం, ఆ వ్యక్తి రాతపూర్వక అంగీకారం సిద్ధం చేసుకోండి. వైకల్య ధ్రువపత్రంలోని పేరూ ఆధార్‌లోని పేరూ ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా ఉన్నాయో లేదో ఇంట్లోనే సరిచూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండటం మనవాళ్లకు మామూలే.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది మరొకచోట. ఈ వ్యక్తికి నిజంగా గార్డియన్ అవసరమా, ఏయే పనుల కోసం అవసరం? కమిటీ ఈ రెండు ప్రశ్నలూ పరిశీలించాలని 14వ సెక్షన్ చెబుతోంది. ‘సంరక్షణ కోసం’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే మీ అవసరమేమిటో ఎదుటివారికి తెలియదు. బ్యాంకు ఖాతా నిర్వహణ, ప్రభుత్వ ఉద్యోగి కుటుంబమైతే ఫ్యామిలీ పెన్షన్, తాతగారి ఆస్తిలో వాటా, అద్దె వసూలు, వైద్యానికి సమ్మతి... ఏది ఉంటే అది విడివిడిగా రాయండి. కమిటీ ఇచ్చే ధ్రువపత్రం ఆధారంగా ఖాతాలు తెరవవచ్చని రిజర్వు బ్యాంకు 2007లోనే బ్యాంకులకు తెలిపింది. కౌంటర్‌లో ఎవరైనా కోర్టు ఉత్తర్వే కావాలంటే ఈ సంగతి గుర్తుచేయండి.

గార్డియన్‌గా ఎవరి పేరు ఇవ్వాలి? తల్లిదండ్రులు కలిసి తమ పేర్లే ఇచ్చుకోవచ్చు. ఒకరు లేకపోతే రెండోవారు ఒక్కరే దరఖాస్తు చేయవచ్చు. ఇద్దరూ లేనప్పుడు తోబుట్టువులు, ఆ తర్వాత బంధువులు, ఎవరూ లేకపోతే నమోదైన సంస్థ. ఆ వ్యక్తి భారత పౌరుడై ఉండాలి, నేరశిక్ష పడి ఉండకూడదు, దివాలా తీసి ఉండకూడదు. అమ్మాయికి పురుషుణ్ని ఒక్కడినే గార్డియన్‌గా పెట్టరు, అతని భార్యతో కలిపి సహ గార్డియన్‌గానే నియమిస్తారు. అన్నయ్య పేరు ఇవ్వాలనుకునే ఇళ్లలో ఈ నిబంధన గురించి వదినగారితో ముందే మాట్లాడటం మంచిది. ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకోని ఏర్పాటు ఎంతకాలం నిలుస్తుంది?

నియామకం జరిగాక లెక్కలు మొదలవుతాయి. ఆరు నెలల్లోగా బిడ్డ స్థిర, చరాస్తులు, రావలసినవి, చెల్లించాల్సిన అప్పులు అన్నిటి జాబితా కమిటీకి ఇవ్వాలి. ఆపైన ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో జమాఖర్చులు సమర్పించాలి. బిడ్డ డబ్బును ఇంటి ఖర్చుల ఖాతాలో కలపకుండా వేరుగా ఉంచితే ఈ పని ఒక సాయంత్రంలో ముగుస్తుంది. కలిపితే పాత రసీదుల కోసం బీరువా అంతా తిరగెయ్యాలి. గార్డియన్ నిర్లక్ష్యం చేసినా, ఆస్తిని సొంతానికి వాడుకున్నా తొలగించమని తల్లిదండ్రులు, బంధువులు, నమోదైన సంస్థ కమిటీని కోరవచ్చు.

గార్డియన్ హోదా వారసత్వంగా సంక్రమించదు. తల్లిదండ్రుల తర్వాత చెల్లెలు చూసుకుంటుందని ఇంట్లో అందరికీ తెలిసినా, ఆమె పేరున మళ్లీ దరఖాస్తు పెట్టాల్సిందే. అందుకే బిడ్డ కాగితాల నకళ్లు ఒక ఫైలులో పెట్టి, ఆ ఫైలు ఎక్కడుందో ఆమెకు ఇప్పుడే చెప్పి ఉంచండి.