పాత హార్డ్ డిస్క్‌లో డేటా ఎవరికీ దొరక్కుండా చేయడం: చివరికి పనిచేసిన పద్ధతి
కావలిలో మా జిరాక్స్ షాపు పాత కంప్యూటర్‌ని పాతసామాన్లకు వేద్దామంటే ఒకటే టెన్షన్: డిస్క్ నిండా జనం ఆధార్, పాస్‌బుక్ స్కాన్లే. డిస్క్‌ని సిస్టమ్ గుర్తించదు కాబట్టి ఫార్మాట్ కుదరలేదు, స్పీకర్ అయస్కాంతం మీద నమ్మకం లేదు, సుత్తి దెబ్బకు మూత సొట్టపోయిందంతే.

టీ8 టార్క్స్ బిట్‌తో (నక్షత్రం ఆకారపు మొన ఉన్న స్క్రూడ్రైవర్ బిట్) చుట్టూ స్క్రూలు తీశాను. మూత కదల్లేదు. లేబుల్ మీద వేలితో నొక్కుతూ పోతే ఒకచోట లోపలికి దిగింది. కాగితం చింపితే కింద ఇంకో స్క్రూ! అదీ తీశాక అద్దంలా మెరిసే పళ్లెం కనిపించింది, డేటా ఉండేది దీని మీదే. దాన్ని విప్పి, రెండు వైపులా గరుకు కాగితంతో గట్టిగా రుద్ది, కటింగ్ ప్లేయర్‌తో మడిచేశాను.

నాది 3.5 అంగుళాల డెస్క్‌టాప్ డిస్క్, అల్యూమినియం పళ్లెం. ల్యాప్‌టాప్‌వి చాలావరకు గాజువి, వంచితే పగిలి ఎగురుతాయి, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. ఎస్‌ఎస్‌డీకి (పళ్లెం లేకుండా చిప్పుల్లోనే డేటా దాచే డిస్క్) ఇది పనికిరాదు, అందులో ప్రతి మెమరీ చిప్పునూ పగలగొట్టాల్సిందే.