శేషాచలం పొగ ఉపగ్రహ చిత్రంలో దొరకకపోతే: సమస్య - పరిష్కారం

నాసా ఉపగ్రహ చిత్రాల సైటు వరల్డ్‌వ్యూ తెరిచి పొరలు పెట్టుకోవడం, తేదీ మార్చడం వచ్చినవారి కోసం ఇది.

సమస్య: కొండ మీద పొగ కంటికి కనిపిస్తోంది, చిత్రంలో లేదు

ముందు సమయం చూడండి. సుయోమి ఎన్‌పీపీ, నోవా-20 (NOAA-20) ఉపగ్రహాలు పగలు మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం 1:30 ప్రాంతంలో. మామండూరు వైపు సాయంత్రం నాలుగింటికి లేచిన పొగ ఆ రోజు చిత్రంలో ఎలా ఉంటుంది? తీసిన చిత్రం సైటులోకి చేరడానికీ కొన్ని గంటలు పడుతుంది.

తేదీ కూడా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కలో ఉంటుంది. మనకు 18వ తేదీ రాత్రి 1:30 అంటే అక్కడ 17వ తేదీ 20:00. తెల్లవారుజామున తలకోన అడవిలో పడిన మంట చుక్క (ఉపగ్రహం వేడిని పట్టిన చోట పటంలో పడే గుర్తు) ముందు రోజు కింద కూర్చుంటుంది. ఐదున్నర గంటలు కలిపి చూసుకోండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటి చూడకుండానే ఉపగ్రహం పట్టలేదని తేల్చేస్తున్నారు. అడవి కాలుతున్న రోజున ఆ తొందరపాటు వల్ల పోయే సమయం తక్కువ కాదు.

పొగ కదలిక కావాలంటే రోజుకో చిత్రం చాలదు. అరగంటకొకసారి వచ్చే ఇన్‌శాట్ చిత్రాలు ఇస్రో సైటు మోస్‌డాక్‌లో ఉంటాయి. ఎండ ఏటవాలుగా పడే ఉదయం, సాయంత్రం చిత్రాల్లో పొగ బాగా తేలుతుంది.

సమస్య: పొగ దట్టంగా ఉన్నచోటే గాలి శుభ్రంగా ఉన్నట్టు పటం చూపిస్తోంది

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టినది ఇదే. గాలిలో పొగ, ధూళి ఎంత ఉన్నాయో రంగుల్లో చూపే ఏఓడీ పొరను అందరూ నమ్ముతారు. ఆ లెక్క కట్టే ముందు ప్రోగ్రాము మేఘాలను ఏరి పక్కన పెడుతుంది. తెల్లగా మెరిసేది, చిత్రంలో పక్కపక్క చుక్కల (పిక్సెళ్ల) మధ్య వెలుగు బాగా మారిపోయేది దాని దృష్టిలో మేఘం. అప్పుడే లేచిన చిక్కటి పొగకూ అవే లక్షణాలు. దాంతో మంటకు దగ్గరి పొగ మొత్తం మేఘం కింద కొట్టుకుపోతుంది. చుట్టూ పలచబడ్డ పొగకు మాత్రం రంగు పడుతుంది, నడుమ ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని చూసి చంద్రగిరి వైపు గాలి బాగుందనుకుంటే ఘోరమైన పొరపాటు. తక్కువ విలువకు కూడా ఒక రంగు ఉంటుంది. ఏ రంగూ లేదంటే అక్కడ కొలతే లేదని అర్థం.

పరిష్కారం: ఏఓడీ పొరను దాచి, అదే ఉపగ్రహం తీసిన సహజ రంగుల చిత్రం చూడండి. అది మేఘమో పొగో తేలకపోతే మోడిస్ (టెర్రా, ఆక్వా ఉపగ్రహాల్లోని పరికరం) 7-2-1 చిత్రానికి, అంటే ఆ మూడు బ్యాండ్లకు రంగులేసిన చిత్రానికి మారండి. పొగ రేణువులు చాలా సన్నవి కాబట్టి 2.1 మైక్రోమీటర్ల తరంగం వాటిని దాటిపోతుంది. పొగ పలచబడి నీలంగా మారుతుంది, నీటి మేఘం తెల్లగానే నిలుస్తుంది. ఈ పోలిక చేయకుండా ఏఓడీ పటాన్ని ఎవరికీ పంపకండి.

ఇంకొకటి. పది కిలోమీటర్ల గళ్ల ఏఓడీలో మన లోయలు మునిగిపోతాయి, ఒక కిలోమీటరు గళ్ల మైయాక్ అనే ఏఓడీ పొర మేలు. అతినీలలోహిత ఏరోసాల్ సూచిక (గాలిలోని రేణువులను అతినీలలోహిత కాంతితో పట్టే పొర) మేఘం పైనున్న పొగను కూడా పట్టగలదు కానీ నేలకు దగ్గరగా పాకే పొగను సరిగా పట్టదు. ఎండుటాకులు, గడ్డి అంటుకున్నప్పుడు పొగ చాలావరకు అలాగే పాకుతుంది.

సాధనకు 2014 మార్చి మోడిస్ చిత్రాలు తీయండి. తిరుమల అడవుల మంటలార్పడానికి వాయుసేన హెలికాప్టర్లు వచ్చిన నెల అది.

సమస్య: రేణిగుంటలో గాలి ఒకవైపు, చిత్రంలో పొగ మరోవైపు

పొగ పైకి లేచాక అక్కడి గాలి వెంట పోతుంది. చిత్రంలో ఎత్తు తెలియదు. గాదంకిలోని ఎన్‌ఏఆర్‌ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) లాంటి చోట్ల లేజర్ కాంతిని పైకి పంపే లైడార్‌తో కొలిచేది అందుకే. వాతావరణ పటాల్లో 850, 700 హెక్టాపాస్కల్ (సుమారు ఒకటిన్నర, మూడు కిలోమీటర్ల ఎత్తు) గాలులను పొగ దిశతో సరిపోల్చండి.

సమస్య: మంట చుక్క ఉంది, పొగ లేదు

విర్స్ (సుయోమి ఎన్‌పీపీ, నోవా-20ల్లోని పరికరం) చుక్క 375 మీటర్ల గడికి నడిమి బిందువు, మంట సరిగ్గా అక్కడే ఉండనక్కర్లేదు. చిన్న మంట పొగ చిత్రానికి ఆనదు. ఏడాది పొడవునా అదే చోట చుక్క పడుతుంటే ఏదైనా ఫ్యాక్టరీ ఉందేమో చూడండి.

మిగతావి అరుదు. మోడిస్ చిత్రంలో నల్లటి చీలిక ఉంటే అది ఉపగ్రహం వెళ్లిన రెండు దారుల మధ్య ఖాళీ, విర్స్‌కు మారండి. బంగాళాఖాతం మీద వెండిలా మెరిసేది ఎండ ప్రతిఫలనం. ఉపగ్రహమే పనిచేయకపోతే సైటులోనే ప్రకటన ఉంటుంది.