రంగు నచ్చిన కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకునే ముందు ఏమేం చూడాలి?

మా అప్ప వాళ్లు విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఉంటారు. రెండేళ్ల కిందట పిల్లల పోరు పడలేక ఒక కుక్కపిల్లను కొన్నారు. ఒళ్లంతా తెలుపు, ఒక చెవి మీద మాత్రం బూడిద రంగు మరక, లేత నీలికళ్లు. అమ్మినతను "స్పెషల్ కలర్ మేడమ్, జిల్లా మొత్తం వెతికినా దొరకదు" అని మామూలు పిల్లకు రెట్టింపు ధర పుచ్చుకున్నాడు. మల్లి అని పేరు పెట్టారు. నెల తిరిగేసరికి అప్ప ఫోను: "ఏట్రా ఇది, ఎంత పిలిచినా పలకదు! పొగరా, బుర్ర తక్కువా?"

ఆ ఆదివారం వెళ్లాను. మల్లి వంటింటి గుమ్మంలో గోనెపట్టా మీద నిద్రపోతోంది. పక్కనే గట్టు మీద కుక్కర్ వరసగా మూడు విజిల్స్ వేసింది. దాని చెవి కూడా కదల్లేదు. పుట్టు చెవుడు. ఆ రంగును చూసి ఊహించగలిగిన చెవుడే గానీ, మాకెవరికీ ఆ సంగతి తెలియదు.

మన వైపు రైతులు ఎద్దును కొనాలంటే సుడులు చూస్తారు, పళ్లు పట్టి చూస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. కుక్కపిల్ల దగ్గరకొచ్చేసరికి ముచ్చటపడి డబ్బులు లెక్కపెట్టేస్తాం. సుడుల సంగతి నేను చెప్పలేను గానీ, కుక్కల్లో కొన్ని రంగులకూ జబ్బులకూ నిజంగానే లంకె ఉంది.

ముందు తల్లినీ తండ్రినీ చూడండి

ఫోన్లో ఒక్క పిల్ల ఫొటో చూసి అడ్వాన్స్ పంపకండి. తల్లి ఉన్న చోటికి వెళ్లండి. తండ్రి వేరే ఊళ్లో ఉంటే వీడియో అడగండి. ఆ ఈతలో పుట్టిన పిల్లలన్నిటినీ ఒకచోట పెట్టి చూపించమనండి.

ఇది ముఖ్యంగా మెర్ల్ రంగు కోసం. సిరా ఒలికి పాకినట్టు బూడిద రంగు మీద నల్లటి మరకలు ఉండే రకాన్ని మెర్ల్ అంటారు. ఈ మెర్ల్ జీన్ తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వస్తే చాలా కుక్కలు బాగానే ఉంటాయి. ఇద్దరూ మెర్ల్ అయితే మాత్రం ఒక్కో పిల్లకు రెండు వైపుల నుంచీ ఆ జీన్ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అలా పుట్టిన పిల్ల చాలావరకు తెల్లగా ఉంటుంది, చెవుడు రావచ్చు, కళ్లు చిన్నవిగా, వంకరగా తయారై చూపు పోవచ్చు. మల్లి సంగతి ఇదే. దాని తల్లీ తండ్రీ ఇద్దరూ "డిజైన్" కుక్కలేనని, అంటే మెర్ల్‌లేనని తర్వాత తెలిసింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. క్రీమ్, ఎరుపు రంగు కుక్కల్లో మెర్ల్ ఉన్నా పైకి కనిపించదు. అందుకే ఒకటి మెర్ల్, రెండోది క్రీమ్ రంగు అయితే, ఆ క్రీమ్ కుక్కకు జీన్ పరీక్ష చేయించారా అని అడగండి. జవాబు నసిగితే ఆ పిల్ల వద్దు.

తెలుపైతే ముక్కూ పెదవులూ చూడండి

తెల్లకుక్కలన్నీ ఒకటి కాదు. మన వీధుల్లో ఎప్పటినుంచో కనిపించే తెల్ల స్పిట్జ్‌కు ముక్కు నలుపు, పెదవులు నలుపు, కళ్లు ముదురు రంగు. అంటే రంగునిచ్చే కణాలు ఒంట్లో ఉన్నాయి, వెంట్రుక మాత్రమే వెలిసింది. ఆ తెలుపు గురించి టెన్షన్ పడక్కర్లేదు.

తమిళనాడు నుంచి వచ్చే రాజపాళయం సంగతి వేరు. పాలలాంటి ఒళ్లు, గులాబీ రంగు ముక్కు. ఈ జాతిలో చెవిటి పిల్లలు పుట్టడం పెంచేవాళ్లకు తెలిసిన విషయమే. తెల్లటి ఒంటి మీద చుక్కలుండే డాల్మేషియన్‌లో అయితే అమెరికాలో పరీక్షించిన వాటిలో దాదాపు 30 శాతానికి కనీసం ఒక చెవి వినిపించదని తేలింది. నీలికళ్లు ఉన్న డాల్మేషియన్‌కు ముప్పు ఇంకా ఎక్కువ.

రంగుకూ చెవికీ ఏమిటి సంబంధం అంటారా? చర్మానికి రంగునిచ్చే కణాలు లోపలి చెవిలో కూడా ఉంటాయి. అక్కడి ద్రవంలో లవణాలు సరిపాళ్లలో ఉండటం వాటి మీదే ఆధారపడి ఉంది. అవి లేకపోతే శబ్దాన్ని పట్టే కణాలు పుట్టిన మూడు నాలుగు వారాల్లోనే చచ్చిపోతాయి. మళ్లీ పుట్టవు, మందు లేదు.

పసిపిల్లల ముక్కు ఏ జాతికైనా గులాబీ రంగులోనే ఉండొచ్చు, తర్వాత నల్లబడుతుంది. కాబట్టి 8 వారాల వయసులో చూడండి. ఎలాగూ 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.

వినికిడి అక్కడే పరీక్షించండి

చప్పట్లు కొట్టకండి. చేతులు ఆడటం కళ్లకు కనబడుతుంది. కాలు నేలకేసి కొట్టినా, గిన్నె కింద పడేసినా అదురు ఒంటికి తెలుస్తుంది. చెవిటి పిల్ల కూడా లేచి చూస్తుంది, మీరు మోసపోతారు. పిల్లల్ని విడివిడిగా చూడాలి. గుంపులో ఉంటే చెవిటిది పక్కవాటిని చూసి పరిగెత్తుకొస్తుంది. నిద్రపోతున్నప్పుడు తలుపు చాటు నుంచి తాళాల గుత్తి ఆడించండి, లేదా ఫోన్లో పిల్లి అరుపు పెట్టండి. తల ఎత్తిందా, ఎటు తిరిగిందో చూడండి. పిలిచిన వైపు కాకుండా ప్రతిసారీ ఒకే వైపుకు తిరుగుతుంటే ఒక చెవే పనిచేస్తోందేమో అని అనుమానించాలి. అది ఖాయంగా తేలాలంటే బేర్ అనే పరీక్ష ఉంది. చెవి దగ్గర శబ్దం చేసి, మెదడుకు చేరే సంకేతాలను మిషన్ మీద చూస్తారు. అన్ని చోట్లా దొరకదు. మామూలు పరీక్షకు మీ ఊరి పశువైద్యుడు చాలు, విజయనగరం జిల్లాలో గరివిడి పశువైద్య కళాశాల కూడా ఉంది.

బూడిద రంగు, చాక్లెట్ రంగు

నలుపు పలచబడి నీలి బూడిదగా మారిన రంగును "బ్లూ" అని అమ్ముతారు. ఈ రంగు డాబర్‌మన్‌లో ఆర్నెల్లు దాటాక వీపు మీద వెంట్రుకలు రాలి, చర్మం పొట్టు లేచి, చీముపొక్కులు వస్తుంటాయి. పిల్లగా ఉన్నప్పుడు నిగనిగలాడుతూనే ఉంటుంది, అందుకే పిల్లను చూసి లాభం లేదు. మూడేళ్లు దాటిన తల్లి వీపు మీద చెయ్యి వేసి ఎదురు నిమరండి. బ్లూ కుక్కలన్నిటికీ ఇది రాదు గానీ, వస్తే జీవితాంతం షాంపూలూ మందులే.

చాక్లెట్ ల్యాబ్రడార్ గురించి బ్రిటన్‌లో 2018లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. మిగతా రంగుల ల్యాబ్‌లు సగటున 12.1 ఏళ్లు బతికితే చాక్లెట్‌వి 10.7 ఏళ్లు. చెవి ఇన్ఫెక్షన్లు నల్లవాటిలో 12.8 శాతానికి వస్తే చాక్లెట్ వాటిలో 23.4 శాతానికి వచ్చాయి. రంగే కారణమని కాదు. ఆ రంగు కోసం కొద్ది కుక్కల మధ్యే మళ్లీ మళ్లీ జత కట్టించడం వల్ల కావచ్చని ఆ పరిశోధకులే అన్నారు. మన శ్రీకాకుళం ఉక్కపోతలో వేలాడే చెవులు ఏ రంగువైనా చీము పడతాయి. స్నానం చేయించిన ప్రతిసారీ చెవి లోపల పొడిగా తుడవండి.

రంగుతో పని లేనివి

ల్యాబ్, జర్మన్ షెపర్డ్‌లకు తుంటి కీలు సమస్య, డాల్మేషియన్‌కు మూత్రంలో రాళ్లు రంగు చూసి రావు. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి. "కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లున్నాయండి" అంటారు. అవి వంశం చెబుతాయి, ఆరోగ్యం చెప్పవు. మూడు రోజుల్లో డాక్టర్ లోపం చూపిస్తే వెనక్కి తీసుకుంటామని కాగితం మీద రాయించుకోండి. రాయనంటే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది.

తెచ్చాక చెవుడని తెలిస్తే

వెనక్కి ఇచ్చేయమని నేను చెప్పలేను, అప్ప ఇవ్వలేదు కూడా. దాన్ని జతకు వదలకండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. గొలుసు లేకుండా రోడ్డు మీదకు తీసుకెళ్లకండి, వెనక వచ్చే బండి హారన్ దానికి వినిపించదు. నిద్రలో ఉండగా ఒక్కసారిగా ముట్టుకుంటే ఉలిక్కిపడి కరవొచ్చు, ముందు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి వాసన తగలనివ్వాలి. చేతి సైగలు వారం పది రోజుల్లో నేర్చుకుంటాయి. మల్లికి అరచెయ్యి కిందకు దించితే కూర్చోవడం, వేళ్లు ముడిస్తే రావడం. చీకటి పడ్డాక గేటు దగ్గర కూర్చుని ఉంటే అప్ప వరండా లైటు రెండుసార్లు ఆర్పి వేస్తుంది. అన్నం పెట్టారని దానికి అర్థమై, తోక ఊపుకుంటూ లోపలికి వస్తుంది.