బ్రెస్ట్ రిడక్షన్ సర్జరీకి వెళ్లే ముందు వైజాగ్ ఆడవాళ్లు కనుక్కోవాల్సినవి

మెడ నొప్పి, భుజాల మీద బ్రా పట్టీలు దిగిన గాట్లు, ఏప్రిల్ వచ్చిందంటే రొమ్ము కింద చెమటకి ఒరుసుకుపోయి మంట, మన వైజాగ్ ఉక్కలో ఇది పడేవాళ్లకే తెలుస్తుంది. దీనికి రొమ్ము సైజు తగ్గించే ఆపరేషన్ ఉందని తెలిసినా అడగడానికి సిగ్గుపడి ఏళ్లు గడిపేస్తారు మనోళ్లు, తీరా డాక్టర్ దగ్గరికెళ్లాక మొదట అడిగేది సైజు ఎంతకి తగ్గుతుంది అని. నన్నడిగితే అది ఆఖర్న అడగాలి, సరిగ్గా ఫలానా కప్పు సైజుకే వస్తుందని ఏ సర్జనూ గ్యారంటీ ఇవ్వలేరు కాబట్టి. ముందు తేల్చుకోవాల్సినవి మచ్చలు, పిల్లల పాలు, ఇంటికొచ్చాక పని ఎవరు చేస్తారు అన్నవి.

మచ్చలు ఖాయం. ఎక్కువగా చేసేది లంగరు ఆకారం కోత, అంటే నిపిల్ చుట్టూ ఒకటి, అక్కణ్ణుంచి కిందకి నిలువుగా ఒకటి, కింద మడతలో అడ్డంగా ఒకటి. తగ్గించాల్సింది మరీ ఎక్కువ కాకపోతే అడ్డం కోత లేకుండా కూడా చేస్తారు. మొదటి నెలల్లో మచ్చలు ఎర్రగా గట్టిగా ఉంటాయి, రంగు తగ్గడానికి ఏడాది పైనే పట్టొచ్చు, పూర్తిగా మాత్రం పోవు. చెవి కుట్టించుకున్న చోటో పాత దెబ్బ దగ్గరో కండలా పెరిగిన కెలాయిడ్ ఉంటే డాక్టర్ అడక్కపోయినా చూపించండి.

నిపిల్‌ని మామూలుగా తీసేయరు, రక్తనాళాలు, నరాలు తెగకుండా కొంత కండతో అలాగే ఉంచి పైకి జరుపుతారు, అయినా కొందరికి స్పర్శ తగ్గుతుంది, ఒక్కోసారి తిరిగి రాదు. పాలివ్వడం కొందరికి కుదురుతుంది, కొందరికి చాలవు, కొందరికి అసలు రావు. అందుకే త్వరలో పిల్లలు కావాలనుకుంటే ఆగడమే మంచిది, పైగా కడుపుతో ఉన్నప్పుడు, బరువు పెరిగినప్పుడు సైజు మళ్లీ మారిపోతుంది. బరువు తగ్గే ప్లాన్ ఉంటే ముందు అది తగ్గి కొన్ని నెలలు నిలకడగా ఉన్నాకే వెళ్లండి. పెళ్లికాని పిల్లకి ఈ ఆపరేషన్ ఏంటమ్మా అని పిన్నిలూ అత్తలూ అంటారు, నొప్పి వాళ్లది కాదుగా.

ఎవరితో చేయించుకోవాలి అంటే బోర్డు మీద కాస్మెటిక్ స్పెషలిస్ట్ అని ఉంటే చాలదు, ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ గానీ అదే బ్రాంచ్‌లో డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉందా చూడండి. గవర్నమెంట్ హాస్పిటల్ కేజీహెచ్‌లో ప్లాస్టిక్ సర్జరీ డిపార్ట్‌మెంట్ ఉంది, ప్రైవేట్ అయితే ఆరిలోవ హెల్త్ సిటీ వైపు పెద్ద హాస్పిటల్స్ ఉన్నాయి, కనీసం రెండు చోట్ల అడగండి. ముందూ తర్వాతా ఫోటోలు తీస్తారు, అవి ఇన్‌స్టాలో పెట్టకూడదని కాగితం మీద రాయించుకోండి, మొహమాటం వద్దు.

ఇన్సూరెన్స్ ఉందిలే అని ధీమాగా ఉండకండి. కాస్మెటిక్ సర్జరీ పాలసీల్లో మామూలుగా కవర్ అవ్వదు, ఆరోగ్యానికి అవసరమని డాక్టర్ సర్టిఫై చేస్తే మినహాయింపు ఉంటుంది, అదీ అంత తేలిగ్గా ఒప్పుకోరు. అందుకని మెడనొప్పికి ఆర్థో డాక్టర్ రాసిన చీటీలు, ఒరుపుకి స్కిన్ డాక్టర్ ఇచ్చిన క్రీముల బిల్లులు ఇప్పట్నుంచే ఒక ఫైల్లో దాచండి, అడ్మిట్ అవ్వకముందే కంపెనీ నుంచి జవాబు తెప్పించుకోండి.

రక్త పరీక్షలు, ఈసీజీ మామూలే, 40 దాటినా, ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఉన్నా మామోగ్రామ్ కూడా అడుగుతారు. తీసిన కండని బయాప్సీకి, అంటే క్యాన్సర్ లాంటిదేమైనా ఉందేమో చూసే ల్యాబ్ పరీక్షకి, పంపుతారా అని మీరే అడగండి. ఆస్పిరిన్, నొప్పి మాత్రలు, విటమిన్ ఇ, ఆయుర్వేదం మందులు, గర్భనిరోధక మాత్రలు, ఏది వాడుతున్నా చెప్పేయండి, సొంతంగా మాత్రం ఏదీ ఆపకండి. పొగాకు అయితే ఆపరేషన్‌కి కనీసం 4 వారాల ముందే మానాలి, తర్వాత కూడా ముట్టకూడదు, నికోటిన్‌కి రక్తనాళాలు ముడుచుకుపోయి నిపిల్ చర్మం చచ్చిపోయే ప్రమాదం ఉంది. సిగరెట్ ఒక్కటే కాదండోయ్, ఖైనీ, గుట్కా, మన ఉత్తరాంధ్ర అమ్మమ్మల అడ్డపొగ చుట్ట, అన్నీ లెక్కే.

ఆపరేషన్ మత్తు ఇచ్చి 2 నుంచి 4 గంటలు, చాలామందిని మర్నాడు పంపించేస్తారు, అసలు కష్టం ఆ తర్వాతే. 4 నుంచి 6 వారాలు బరువులు ఎత్తకూడదు, అంటే నీళ్ల బిందె, గ్యాస్ బండ, రైతుబజార్ సంచి, చంటిపిల్లాడు కూడా. స్కూటీ కొన్ని వారాలు మర్చిపోండి, సడన్ బ్రేక్ కొట్టినా నొప్పి రాదనిపించాక, అదీ డాక్టర్ సరే అన్నాకే. షేర్ ఆటోలో ఇరుక్కుని గాజువాక వెళ్లడం అసలొద్దు. వైరు లేని, ముందు హుక్స్ ఉన్న సపోర్ట్ బ్రా రాత్రీ పగలూ వేసుకోవాలి కాబట్టి మార్చుకోడానికి రెండు మూడు కొనండి, జిప్ నైటీలు ఎలాగూ ఉంటాయి, పడుకోవడం వెల్లకిలా, వీపు కింద దిండ్లతో. తేదీ మీ చేతిలో ఉంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు పెట్టించుకోండి, మేలో ఆ బ్రా బిగించుకుని చెమటతో కూర్చోవడం నరకం.

నిలువు, అడ్డం కోతలు కలిసే చోట కుట్టు కొంచెం విచ్చుకోవడం తరచూ జరిగేదే, డ్రెస్సింగులతో మానుతుంది, కంగారొద్దు, డాక్టర్‌కి చూపిస్తే చాలు. కానీ ఒకవైపు సడన్‌గా ఉబ్బి బిగుసుకుపోయినా, నిపిల్ నల్లబడినా, జ్వరం వచ్చినా, పిక్క వాచినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబర్ ఏదో డిశ్చార్జ్ రోజే అడిగి ఇంట్లోవాళ్ల ఫోన్లో కూడా సేవ్ చేయించండి.