క్రాఫ్ట్ బీరులో పోకడలు మారుతున్నప్పుడు: అభిమాని తన ఇష్టాన్ని తేల్చుకునే పద్ధతి

చిన్న బ్రూవరీలు (బీరు తయారీ కేంద్రాలు) చేసే క్రాఫ్ట్ బీరు రుచి మరిగిన మూడు, నాలుగేళ్లకు దాదాపు ప్రతి అభిమానికీ ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఒకప్పుడు వెతుక్కుంటూ వెళ్లి కొన్న బీరు ఇప్పుడు అరలో ఎదురుగానే ఉంటుంది గాని చెయ్యి దాని మీదికి పోదు. పక్కనే నిన్న వచ్చిన కొత్త డబ్బా ఒకటి రంగురంగుల బొమ్మతో పిలుస్తూ ఉంటుంది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని సరిపెట్టుకోవచ్చు. అయితే ఆ పాత బీరే మారిందా, మన నాలుక మారిందా, లేక బ్రూవరీ చేతులు మారిందన్న వార్త మన మనసును విరిచేసిందా అన్నది తేల్చుకోకుండా దానిని వదిలేయడం ఎంత తొందరపాటో, మొండిగా పట్టుకు వేలాడడం అంత అమాయకత్వం. ఈ మూడింటినీ విడదీసి చూసుకోవడానికి నేను కొన్నేళ్లుగా పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఇందుకు కావలసినవి ఒక నోటుపుస్తకం, ఒకేలాంటి మూడు గ్లాసులు, కాస్త ఓపిక ఉన్న స్నేహితుడు ఒకరు.

మొదట నోటుపుస్తకం సంగతి. తాగిన ప్రతి బీరుకూ అయిదుకు ఇన్ని అని మార్కులు వేసే అలవాటు అభిమానుల్లో చాలామందికి ఉంది. 2010లో వచ్చిన అన్‌టాప్‌డ్ యాప్ ఆ అలవాటును ఇంకా పెంచింది, ఎందుకంటే అందులో కొత్త కొత్త బీర్లు నమోదు చేస్తూ పోయేవారికి బ్యాడ్జీలు వస్తాయి గాని ఒకే బీరును ఇష్టంగా మళ్లీ మళ్లీ తాగేవారికి అంత సందడి ఉండదు. మార్కులు చెప్పేది మొదటి గుక్కలో కలిగిన ఆశ్చర్యాన్ని. ఇష్టాన్ని తెలుసుకోవాలంటే ఆ బీరును సొంత డబ్బు పెట్టి రెండోసారి కొన్నారా లేదా అన్నది చూడాలి. కాబట్టి పుస్తకంలో నాలుగు గడులు చాలు: బీరు పేరు, డబ్బా మీద ఉన్న తేదీ, తాగిన తేదీ, మళ్లీ కొన్న తేదీలు. రుచి వర్ణనలు రాయాలనిపిస్తే రాసుకోవచ్చు, కాని వాటి మీద ఆధారపడవద్దు. మొదటి ఏడాది చివర నా పుస్తకం తిరగేసినప్పుడు, ఎవరు అడిగినా నాకు అన్నిటికంటే ఇష్టమని చెప్పుకునే ఒక స్టౌట్ (నల్లని బీరు) ఎదుట ఒకే ఒక్క తేదీ కనబడింది. ఎన్నడూ ఎవరి దగ్గరా పొగడని ఒక సాదా పిల్స్‌నర్ (లేత బంగారు రంగు బీరు) ఎదుట పదకొండు తేదీలు ఉన్నాయి.

బీరు మునుపటిలా లేదనిపించినప్పుడు బ్రూవరీని తప్పుపట్టే ముందు డబ్బాను తలకిందులు చేసి అడుగు చూడాలి. అక్కడ ఉన్నది నింపిన తేదీయా, గడువు తేదీయా అన్నది ముందుగా గమనించాలి. గడువు ఒక్కటే వేసినవారు అది నింపిన నాటి నుంచి ఎంతకాలమో చెప్పకపోతే ఆ తేదీ వల్ల పెద్దగా ప్రయోజనం లేదు. హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) సువాసన మీద నిలబడే బీర్లు, ముఖ్యంగా మసకగా ఉండే హేజీ ఐపీఏలు (ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, హాప్స్ దండిగా వేసే బీరు), ఆక్సిజన్ తగిలితే తట్టుకోలేవు. వీటిలో ఓట్స్, గోధుమల నుంచి వచ్చే ప్రొటీన్లు, పులియబెట్టే దశలోనూ ఆ తరువాతా వేసిన హాప్స్ నుంచి వచ్చే పాలీఫినాల్స్ ఎక్కువ; నింపేటప్పుడు రవ్వంత గాలి లోపలికి పోయినా కొన్ని వారాల్లోనే ఫలితం కళ్లకు కనబడుతుంది. ఒకసారి నేను ఇష్టమైన హేజీ ఐపీఏ డబ్బా ఒకటి వంటింటి అలమరలో మరచిపోయి అయిదు నెలల తరువాత తెరిచాను. తాజాగా ఉన్నప్పుడు నారింజ రసంలా మెరిసే ఆ బీరు గ్లాసులో పడేసరికి ఊదాచాయ కలిసిన బురద రంగులో ఉంది, నురగ నిలవలేదు, మామిడి, నిమ్మతొక్క వాసన రావలసిన చోట తడిసిన అట్టపెట్టె వాసన, వెనుకే మాగిపోయిన పండు తీపి వచ్చాయి. అదే నా మొదటి డబ్బా అయి ఉంటే ఆ బ్రూవరీ పేరు మళ్లీ తలచేవాడిని కాదు.

అందువల్ల హాప్స్ ప్రధానమైన బీరును నింపిన రెండు నెలల్లోపు, ఆ మొత్తం కాలం చల్లగా ఉంచినదైతేనే, తీర్పు చెప్పడానికి తీసుకోవాలి. అమెరికాలోని స్టోన్ బ్రూయింగ్ 2012 నుంచి ఒక ఐపీఏకు అది తాగవలసిన ఆఖరి తేదీనే పేరుగా పెట్టి అమ్మడం వెనుక ఉన్న కారణం ఇదే. పచ్చ సీసాలోని బీరుకు ఎండ తగిలితే నిమిషాల్లోనే వెలుతురు హాప్స్ పదార్థాలను విడగొట్టి ఒక దుర్వాసన పుట్టిస్తుంది. డబ్బాకు ఆ బాధ లేదు, గోధుమరంగు సీసాకు తక్కువ. బార్లీవైన్, ఇంపీరియల్ స్టౌట్, గ్యూజ్ వంటి ఘాటైన లేదా పుల్లని బీర్లు మాత్రం ఏళ్ల తరబడి నిలవ ఉండగలవు, కాని దాచిపెట్టిన ప్రతిదీ బాగుపడుతుందని అనుకోకూడదు.

తాజా బీరు చేతిలో ఉండి, అయినా సందేహం తీరకపోతే మూడు గ్లాసుల పరీక్ష చేయాలి. 1940లలో కార్ల్స్‌బెర్గ్ బ్రూవరీలో రూపుదిద్దుకున్న ఈ పరీక్షను నేటికీ బ్రూవరీలు తమ నాణ్యత తనిఖీలో వాడుతున్నాయి. ఇంట్లో చేసుకోవడం కష్టమేమీ కాదు. పోల్చదలచిన రెండు బీర్లు ఒకే రకానివి అయి ఉండాలి, ఉదాహరణకు మీరు ఏళ్లుగా తాగుతున్న పేల్ ఏల్, అందరూ ఎగబడుతున్న కొత్త పేల్ ఏల్. రెండింటినీ ఒకే ఫ్రిజ్‌లో ఒకే అరలో ఉంచి, బయటికి తీసి ఎనిమిది, పది డిగ్రీలకు వచ్చేవరకు ఆగాలి, ఎందుకంటే మరీ చల్లగా ఉన్న బీరులో తేడాలు దాగిపోతాయి. మీరు పక్క గదిలో ఉండగా స్నేహితుడు రెండు గ్లాసుల్లో ఒక బీరు, మూడో గ్లాసులో మరొక బీరు, ఒక్కొక్కదానిలో యాభై మిల్లీలీటర్లకు మించకుండా పోసి, ఏది ఏదో చీటీ రాసి మడిచి పెట్టుకోవాలి. రంగులో తేడా తెలిసిపోతుందనుకుంటే లోపలిది కనబడని కప్పులు వాడాలి, లేదా కళ్లు మూసుకోవాలి. మీ పని ఒక్కటే: మూడింటిలో వేరుగా ఉన్నది ఏదో చెప్పడం. ఏది బాగుందన్న మాట ఇప్పుడు ఎత్తకూడదు. ప్రతి విడతకూ మధ్య నీళ్లు తాగి, బ్రెడ్డు ముక్క నమిలి, అయిదు నిమిషాలు ఆగాలి. ఏ బీరు రెండు గ్లాసుల్లోకి పోవాలో స్నేహితుడు ప్రతిసారీ నాణెం ఎగరేసి నిర్ణయించాలి. ఆరు విడతలు ఒకే సాయంత్రం ముగించాలనే పట్టుదల వద్దు, రెండు రోజులకు పంచుకుంటే నాలుకా అలసిపోదు, తలా తిరగదు.

లెక్క ఇలా చూసుకోవాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు సరిపోతుంది గనుక ఆరింటిలో రెండు సరైనవి రావడంలో విశేషం లేదు. నాలుగు సరిగ్గా చెబితే అది కేవలం అదృష్టం వల్ల జరిగే అవకాశం నూటికి దాదాపు పది. అయిదు లేదా ఆరు చెబితే ఆ అవకాశం నూటికి రెండు కన్నా తక్కువ, కాబట్టి తేడా మీకు నిజంగా తెలుస్తోందని నమ్మవచ్చు. అప్పుడు మాత్రమే రెండో ప్రశ్న, అంటే పేర్లు దాచిపెట్టి ఏది ఇంకో గ్లాసు కావాలనిపిస్తోంది అన్న ప్రశ్న, వేసుకోవాలి. నేను మూడు గంటలు వరుసలో నిలబడి తెచ్చుకున్న ఒక ఐపీఏను, ఎప్పుడూ దొరికే మరొక ఐపీఏ పక్కన పెట్టి ఈ పరీక్ష చేసుకుంటే ఆరింటిలో రెండు వచ్చాయి. చీటీలు విప్పుతున్నప్పుడు నా స్నేహితుడు మర్యాద కోసం నవ్వు ఆపుకున్నాడు.

నాలుక మారిందా అన్నది తేల్చడం ఇంతకన్నా సులువు. చేదుకు నాలుక అలవాటు పడుతుంది. అమెరికాలోని రష్యన్ రివర్ బ్రూవరీకి చెందిన విన్నీ సిలుర్జో దీనినే లూపులిన్ థ్రెషోల్డ్ షిఫ్ట్ అని పిలిచారు. 1994లో హాప్స్ మరింత ఎక్కువగా వేసే డబుల్ ఐపీఏను తయారుచేసిన మనిషి కాబట్టి ఆయనకు ఆ సంగతి తెలియక తప్పదు. రెండు వారాలు హాప్స్ ఎక్కువున్న బీర్లు మానేసి పాత బీరుకు తిరిగి రావాలి. మునుపటి రుచి తిరిగి వస్తే మీకు మొహం మొత్తిందన్నమాట, అంతే.

ఇక పోకడల సంగతి. ఏ పోకడ నిలుస్తుంది, ఏది పోతుంది అని ముందే చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు గాని, కొత్త రకం ఒకటి ఊపందుకున్నప్పుడు అది తాగేవారికి కొత్తగా ఏమి ఇస్తోంది, దానిని అనుకరించడం ఎంత తేలిక అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే మోజులో కొట్టుకుపోకుండా ఉండవచ్చు. అమెరికాలో 1972లో విడుదలైన కాస్కేడ్ హాప్స్ గ్రేప్‌ఫ్రూట్‌ను (పంపరపనస లాంటి పండు) తలపించే వాసన ఇచ్చాయి. సియెరా నెవాడా వారు 1980లో మొదలుపెట్టిన పేల్ ఏల్ ఆ వాసనను బీరుకు ముఖచిత్రంగా చేసింది. ఆ తరువాత పాతికేళ్ల పోటీ అంతా ఎవరి బీరు ఎక్కువ చేదు అన్నదాని చుట్టూ తిరిగింది. వెర్మాంట్‌లోని ది ఆల్కెమిస్ట్ 2011లో హెడీ టాపర్‌ను డబ్బాల్లో నింపడం మొదలుపెట్టిన తరువాత మసక ఐపీఏల వైపు గాలి మళ్లింది. అది నిలవడానికి కారణం ఉంది: చేదంటే గిట్టనివారికి కూడా హాప్స్ సువాసన అందించింది. 2018లో అమెరికా బ్రూవరీల సంఘమైన బ్రూవర్స్ అసోసియేషన్ దానికి పోటీల్లో వేరే విభాగాలు కేటాయించింది. దాదాపు అదే సమయంలో, 2017లో, శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన బ్రూట్ ఐపీఏ మాత్రం ఒక ఎంజైమ్ వేసి చక్కెరంతా పులియబెట్టి బీరులో తీపి ఏమాత్రం లేకుండా చేసే ఉపాయం. ఎవరైనా కొద్ది వారాల్లో చేయగలిగారు, చేశారు, రెండు మూడేళ్లు తిరగకముందే మానేశారు. కేకులు, చాక్లెట్లు కలిపిన స్టౌట్‌ల విషయంలో నాకు వ్యక్తిగతంగా ఓపిక తక్కువ, అందుచేత వాటి జోలికి పోను. పిల్స్‌నర్ వంటి లాగర్ల వైపు ఇప్పుడు కనబడుతున్న మొగ్గు వేరు సంగతి. 1842లో చెక్ నగరం ప్‌ల్జెన్‌లో యోసెఫ్ గ్రోల్ చేసిన తొలి పిల్స్‌నర్ నుంచి ఈనాటి దాకా లాగర్‌కు చల్లని తొట్టిలో వారాల నిరీక్షణ తప్పదు, లోపాన్ని కప్పిపుచ్చే బలమైన వాసనలూ ఉండవు. తొట్టిని అన్నాళ్లు కట్టిపడేయడానికి సిద్ధపడిన చిన్న బ్రూవరీ కనబడితే దాని మిగతా బీర్లను కూడా ఒకసారి రుచి చూడడం మంచిదని నా అనుభవం.

అభిమానుల మనసు ఎక్కువగా గాయపడేది బ్రూవరీ అమ్ముడుపోయినప్పుడు. 2011లో షికాగోకు చెందిన గూస్ ఐలండ్‌ను బహుళజాతి బీరు సంస్థ ఆన్‌హైజర్-బుష్ ఇన్‌బెవ్ 3.88 కోట్ల డాలర్లకు కొన్నది. 2015లో మద్యం సంస్థ కాన్‌స్టెలేషన్ బ్రాండ్స్ బ్యాలస్ట్ పాయింట్ బ్రూవరీకి వంద కోట్ల డాలర్లు చెల్లించి, 2019 చివరికి దానిని ఒక చిన్న సంస్థకు అమ్మేసుకుంది. 2017లో వికెడ్ వీడ్ బ్రూవరీ అమ్మకం తరువాత అది నిర్వహించే ఉత్సవం నుంచి తోటి బ్రూవరీలు తప్పుకున్నాయి, మరుసటి ఏడాది లండన్‌లో హైనెకెన్ వాటా తీసుకున్నాక బీవర్‌టౌన్‌కూ అదే ఎదురైంది. ఇటువంటి వార్త విన్న రోజున ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. యాజమాన్యం ఎవరిదన్నది మీకు పట్టింపు అయితే అది న్యాయమైన పట్టింపే, దానికి కొలత కూడా ఉంది: బ్రూవర్స్ అసోసియేషన్ లెక్క ప్రకారం క్రాఫ్ట్ బ్రూవరీ ఏటా అరవై లక్షల బ్యారెళ్లకు మించి తయారుచేయకూడదు, క్రాఫ్ట్ కాని మద్యం సంస్థ వాటా అందులో నాలుగో వంతు కన్నా తక్కువ ఉండాలి. 2017 నుంచి ఆ సంఘం ఇస్తున్న తలకిందుల సీసా ముద్ర డబ్బా మీద ఉందో లేదో చూసుకోవచ్చు. పట్టింపు రుచి గురించి మాత్రమే అయితే చూడవలసినవి వేరు: తయారీ స్థలం మారిందా, ముఖ్య బ్రూవర్ ఉన్నారా వెళ్లిపోయారా, వడపోత, పాశ్చరీకరణ కొత్తగా మొదలయ్యాయా. షికాగో టెలిఫోను కోడ్‌ను పేరుగా పెట్టుకున్న గూస్ ఐలండ్ వారి 312 తయారీ, అమ్మకం జరిగిన కొద్ది కాలానికే న్యూయార్క్ రాష్ట్రంలోని పెద్ద కర్మాగారానికి తరలింది. అటువంటి మార్పు జరిగిన ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి తాజా డబ్బా కొని పుస్తకంలోని పాత రాతలతో పోల్చుకుంటే మీ తీర్పు మీకే దొరుకుతుంది.

కొనుగోలు విషయంలో నేను పెట్టుకున్న నియమం మూడింట ఒకటి: కొత్తవి రెండు కొంటే, నాకు ఇష్టమైన బ్రూవరీకి పేరు తెచ్చిన పాత బీరు ఒకటి కొంటాను. దీనికి కారణం శాన్ ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ. 1896లో మొదలై, 1965లో ఫ్రిట్జ్ మేట్యాగ్ చేతికి వచ్చి, అమెరికా క్రాఫ్ట్ బీరుకు దారి చూపిన ఆ బ్రూవరీని 2017లో జపాన్ బీరు సంస్థ సప్పోరో కొన్నది. 2021లో లేబుల్ మార్చినప్పుడు అభిమానులు గట్టిగానే కోప్పడ్డారు. 2023 జులైలో మూసివేత ప్రకటన వచ్చింది. మరుసటి ఏడాది చోబానీ పెరుగు సంస్థ అధిపతి హమ్‌దీ ఉలుకాయా దానిని కొన్నారు. ఆ లేబుల్ మీద కోపపడినవారిలో నేనూ ఒకడిని. తరువాత నోటుపుస్తకంలో యాంకర్ వారి స్టీమ్ బీర్ పేరు వెతికితే, దాని ఎదుట ఉన్న ఆఖరి తేదీ లేబుల్ మారడానికి రెండేళ్ల ముందుది.