గార్డ్ త్రీ-పాయింట్ షూటింగ్‌ను అంచనా వేయడం ఎలా: గురి వేరు, ఎంపిక వేరు

బాస్కెట్‌బాల్‌లో ఫలానా గార్డ్ (బంతిని నడుపుతూ బయటి నుంచి ఆడే ఆటగాడు) త్రీలు, అంటే మూడు పాయింట్ల గీత అవతలి నుంచి వేసే షాట్లు, బాగా వేస్తాడా అని అడిగితే చాలామంది ముందు శాతం చెబుతారు. 38 అయితే మంచి షూటర్, 31 అయితే కాదు. కానీ ఆ ఒక్క అంకెలో రెండు సంగతులు కలిసిపోయి ఉంటాయి. బంతిని రింగులో వేయగల గురి ఒకటి. ఏ షాట్ వేయాలో, ఏది వదిలేయాలో తెలియడం రెండోది. మంచి గురి ఉన్నవాడు కష్టమైన షాట్లు నెత్తిన వేసుకుంటే శాతం పడిపోతుంది. గురి అంతంతమాత్రంగా ఉన్నవాడు పూర్తిగా ఖాళీ దొరికినప్పుడే వేస్తే శాతం ముచ్చటగా కనిపిస్తుంది. ఈ రెంటినీ విడదీయడమే అసలు పని.

ముందు లెక్కను శుభ్రం చేసుకోండి. క్వార్టర్ చివరి సెకన్లో సగం కోర్టు నుంచి విసిరిన బంతులను తీసేయండి. అవి గురి గురించీ చెప్పవు, తెలివి గురించీ చెప్పవు. మిగిలినవి ఎన్నున్నాయో చూడండి. నిజంగా 36 శాతం షూటర్ అయినవాడు 100 షాట్లు వేస్తే, కేవలం అదృష్టం వల్లనే 27 నుంచి 45 దాకా ఎక్కడైనా తేలవచ్చు. 400 షాట్లకు ఆ ఊగిసలాట దాదాపు 31 నుంచి 41కి తగ్గుతుంది. కాబట్టి పది మ్యాచ్‌ల శాతం చూసి ఎవరినీ ఎత్తవద్దు, దించవద్దు. షాట్లు తక్కువగా ఉన్నప్పుడు ఫ్రీ త్రో (ఫౌల్ జరిగినప్పుడు ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) శాతం తోడు తీసుకోండి. ఫ్రీ త్రోకు అడ్డు ఉండదు, దూరం మారదు, తొందర ఉండదు, కాబట్టి చేతి స్పర్శ అందులో తేటగా కనిపిస్తుంది. త్రీలు 40 శాతం వేస్తూ ఫ్రీ త్రోలు 65 శాతమే వేసే కుర్రాడి విషయంలో ఆ 40ని అనుమానించాలి. త్రీలు 31 శాతమే అయినా ఫ్రీ త్రోలు 87 శాతం వేసేవాడి మీద ఆశ పెట్టుకోవచ్చు.

దూరం విషయంలో చాలా అంచనాలు తప్పుతాయి. ఫీబా (అంతర్జాతీయ సమాఖ్య) మూడు పాయింట్ల గీత 6.75 మీటర్లు, మూలల్లో 6.60. ఎన్‌బీఏ (అమెరికా లీగ్) గీత 7.24 మీటర్లు, మూలల్లో దాదాపు 6.70. అంటే ఫీబా గీత నుంచి ఎన్‌బీఏ గీతకు మారే గార్డ్‌కు మూలలో తేడా పది సెంటీమీటర్లే, ఎదురుగా మాత్రం అర మీటరు. అందుకే షాట్లను ఎడమ మూల, ఎడమ వింగ్ (మూలకూ ఎదురుకూ మధ్య ఉన్న పక్క భాగం), ఎదురు, కుడి వింగ్, కుడి మూల అని అయిదు భాగాలుగా రాసుకోండి. ప్రతి షాట్‌కూ పాదాలు గీతకు ఎంత వెనక ఉన్నాయో కూడా చూడండి. గీతను ఆనుకుని వేసేవాడు దూరపు గీత దగ్గర తడబడవచ్చు. ఇప్పటికే అర మీటరు వెనక నుంచి అదే కదలికతో వేస్తున్నవాడి గురించి ఆ బెంగ అక్కర్లేదు.

తర్వాత పాస్ అందుకుని వేసినవి, డ్రిబుల్ నుంచి వేసినవి విడగొట్టండి. రెండో రకం కష్టం, శాతం మామూలుగానే తగ్గుతుంది. వింగ్ ఆటగాడికి మొదటి రకం చాలవచ్చు. బంతి చేతిలో పెట్టుకుని ఆట నడిపే గార్డ్‌కు రెండోది లేకపోతే డిఫెండర్ స్క్రీన్ (అతన్ని ఆపడానికి గార్డ్ సహచరుడు అడ్డంగా నిలబడటం) కింద నుంచి, అంటే రింగు వైపు నుంచి, దూరి, దారికి అడ్డంగా నిలబడతాడు. ప్రత్యర్థులు స్క్రీన్ పైనుంచి వస్తున్నారా, కింద నుంచి వస్తున్నారా అన్నది లెక్కపెట్టండి. ఆ గార్డ్ గురి గురించి వాళ్ల కోచ్‌లు ఇచ్చిన తీర్పు అది. ఎన్‌బీఏ గార్డ్ స్టీఫెన్ కర్రీ 2015-16లో 886 త్రీలు వేసి 402 దించాడు, అంటే 45.4 శాతం. అలాంటివాడి విషయంలో స్క్రీన్ కింద నుంచి వెళ్లడం ఆత్మహత్యతో సమానం. ఎన్ని వేశాడన్నది వదిలేసి శాతం ఒక్కటే చూస్తే డిఫెన్స్ మీద పడే ఈ ఒత్తిడి లెక్కలోకే రాదు.

ఇక వీడియో. సెకనుకు 30 ఫ్రేముల వీడియో అయితే బంతి చేతికి తగిలిన ఫ్రేము నుంచి చేతిని వదిలిన ఫ్రేము వరకు లెక్కించండి. 21 ఫ్రేములంటే 0.7 సెకను, 30 అంటే పూర్తి సెకను. నెమ్మదిగా వదిలేవాడికి ప్రాక్టీస్‌లో శాతం బాగుంటుంది, మ్యాచ్‌లో ఖాళీ షాట్లే మిగలవు. ఆలస్యం ఎక్కువగా పుట్టేది రెండు చోట్ల: బంతిని నడుము కిందికి దించి మళ్లీ లేపడం, పాస్ అందాక పాదాలు సర్దుకోవడం. రెండోదాన్ని సరిదిద్దడం తేలిక. మొదటిది అలవాటుగా ముదిరితే నెలలు పడుతుంది.

తప్పిన షాట్లే ఎక్కువ చెబుతాయి. బంతి ముందుకో వెనక్కో తప్పితే బలం తేడా. అది నాలుగో క్వార్టర్‌లోనే, అదీ ముందు అంచుకే తగులుతుంటే కాళ్లు అలిసిపోయాయని అర్థం. ఎడమకో కుడికో తప్పుతుంటే మోచేయో, ఆసరా చేతి బొటనవేలో బంతిని తోస్తోంది. ఇది పెద్ద లోపం. బంతి ఎంత ఎత్తు నుంచి దిగుతోందో కూడా చూడండి. రింగు వ్యాసం 45 సెంటీమీటర్లు, బంతిది సుమారు 24. 45 డిగ్రీల కోణంలో దిగే బంతికి ఆ రింగు 32 సెంటీమీటర్ల సందులా కనిపిస్తుంది. 35 డిగ్రీలైతే 26 మాత్రమే, అంటే బంతికి రెండు సెంటీమీటర్లే అదనం. చదునుగా వేసేవాడి బంతి అంచుకు తగిలి బయటపడటం దురదృష్టం కాదు.

ఎంపికకు ఒకే నియమం: బంతి చేతిని వదిలిన క్షణంలో వీడియో ఆపి, ఫలితం చూడకముందే గ్రేడ్ రాయండి: మంచి ఎంపికకు ‘ఎ’, ఫర్వాలేనిదానికి ‘బి’, చెడ్డదానికి ‘సి’. పడిన షాట్‌ను చూశాక ఎవరికైనా అది మంచి ఎంపికగానే తోస్తుంది. చూడాల్సినవి: దగ్గరి డిఫెండర్ దూరం (1.8 మీటర్లు దాటితే పూర్తి ఖాళీ, 1.2 లోపు ఉంటే కష్టం), షాట్ క్లాక్‌లో (జట్టు షాట్ వేయాల్సిన గడువును చూపే గడియారంలో) మిగిలిన సెకన్లు, పాదాల స్థిరత్వం, ఇంకెవరైనా ఖాళీగా ఉన్నారా అన్నది. ఒక ఉదాహరణ: క్లాక్‌లో 17 సెకన్లు. స్క్రీన్ మీదుగా వచ్చిన గార్డ్ ఎదుట పొడవాటి డిఫెండర్ చేయి చాచి ఉన్నాడు, కుడి మూలలో సహచరుడు ఒంటరిగా ఉన్నాడు, అయినా వెనక్కి జరిగి త్రీ వేశాడు. అది పడినా ‘సి’నే. అదే షాట్ 3 సెకన్లు మిగిలి, పాస్ దారులన్నీ మూసుకుపోయినప్పుడు వేస్తే ‘బి’. అక్కడ అంతకన్నా మంచిది దొరకదు.

స్కోర్ షీట్‌లో ఎక్కడా కనిపించని కాలమ్ ఒకటి మీరే గీసుకోవాలి: వదులుకున్న త్రీలు. 35 శాతం షూటర్ ఖాళీ త్రీ విలువ 1.05 పాయింట్లు. దాన్ని వదిలి రెండు డ్రిబుల్స్ లోపలికి వచ్చి 40 శాతం పడే మధ్య దూరపు రెండు పాయింట్ల షాట్ వేస్తే విలువ 0.8. ప్రతిసారీ పావు పాయింట్ పోతోంది, శాతం మాత్రం చెక్కుచెదరదు. జంకు వల్ల పోయే ఈ పాయింట్లు దుడుకు వల్ల పోయేవాటికి తీసిపోవు. చాలా నివేదికలు దుడుకునే తిడతాయి. వదిలినది రింగు దాకా దూసుకెళ్లడానికో, ఇంకా ఖాళీగా ఉన్నవాడికి పాస్ ఇవ్వడానికో అయితే దాన్ని తప్పుగా లెక్కించకండి.

కనీసం 150 షాట్లకు గ్రేడ్లు వేశాక, ఒక్కో గ్రేడ్‌లో శాతం ఎంతో చూడండి. ‘ఎ’ షాట్లలో 42, ‘సి’లో 24, మొత్తంలో మూడో వంతు ‘సి’లే అయితే గురి ఉంది, ఎంపిక చెడింది. కోచ్ మాటతో బాగుపడేది ఇదే. ‘ఎ’లోనే 31 అయితే ప్రాక్టీస్ కోర్టుకే వెళ్లాలి. చివరగా, అదే వీడియోలోంచి 20 షాట్లు మరొకరి చేత గ్రేడ్ వేయించండి. నాలుగైదింటికి మించి తేడా వస్తే, డిఫెండర్ దూరాన్ని ఇద్దరూ ఏ క్షణంలో కొలిచారో పోల్చండి. ఒకరు బంతి అందినప్పుడు, మరొకరు వదిలినప్పుడు కొలిచి ఉంటారు. వదిలిన క్షణాన్నే ఖాయం చేసుకుని ఆ 20కీ మళ్లీ గ్రేడ్ వేయండి.